తుబ్లీ తెల్ల బస్సు పాటకు నా కొడుకు పేరు అడగడానికి వెళ్ళాను

నా కొడుకు శీను పోయి నాలుగు నెలలైంది. గల్ఫులో, తుబ్లీ అనే చోట వెల్డింగు షాపులో పనిచేసేవాడు. డ్యూటీ నుంచి వచ్చి పడుకున్నవాడు మళ్ళీ లేవలేదు. నేనూ ఇక్కడే, పక్కనున్న రిఫాలో ఒక ఇంట్లో వంటపని చేస్తాను. పోయిన వారం ఫోనులో ఉన్నట్టుండి వాడి గొంతు వినిపించింది. కూలీల క్యాంపుల్లో పాడేవాళ్ళ పాటలు రికార్డు చేసే చిన్న కంపెనీ వాడి పాటను విడుదల చేసింది. కింద ఉన్న అక్షరాలు కూడబలుక్కుని చదివాను. పాడినది మిత్రబృందం అట. పాట కట్టినవారి చోట 'సేకరణ' అని ఉంది. సేకరణ అంటే ఎక్కడో దొరికిందని. నా కొడుకు పాట ఎక్కడా దొరకలేదు, వాడు కట్టాడు. అందుకే బయలుదేరాను.

శుక్రవారం నాకు సెలవు. మధ్యాహ్నం నమాజుకి అంతా మూసేస్తారని పదింటికే తెలిసిన డ్రైవరు యూసఫ్ భాయిని పిలిచాను. ఆయనది హైదరాబాదు. రిఫా నుంచి తుబ్లీకి ఇరవై నిమిషాలు, రెండు దినార్లు తీసుకుంటాడు.

"కొట్లాటకు పోతున్నవా అమ్మా?" అన్నాడు నా మొహం చూసి.

"నా కొడుకు పేరు కోసం వెళ్తున్నాను భాయ్."

"నేను కిందనే ఉంట. కోపంల నడిచి పోకు, ఎండ చంపుతది."

కంపెనీ అంటే గ్యారేజీల వెనక మేడ మీద ఒక గది. చప్పుడు రాకుండా గోడలకు దుప్పట్లు కొట్టారు. యజమాని నర్సన్నది జగిత్యాల వైపు. చాయ్ ఇచ్చి, అడక్కుండానే కథంతా చెప్పాడు. పెద్ద కంపెనీలు సినిమా పాటలే అమ్మేవట. కూలోళ్ళ పాటలు మాకొద్దంటే ఊళ్ళలో చిన్న కంపెనీలవాళ్ళే క్యాసెట్లు వేశారట. ఆ తర్వాత సీడీలు, ఇప్పుడు ఫోన్లు. ఇతను ఆ క్యాసెట్లు సంచిలో వేసుకుని క్యాంపు క్యాంపూ తిరిగి అమ్మి మైకు కొన్నాడు. మంచి పనే, కాదనను. బీరువాలో ఉన్న క్యాసెట్ల అట్టలు తిప్పి చూశాను. కంపెనీ పేరు అరచేయంత ఉంది. కట్టినవాళ్ళ చోట అన్నిటి మీదా సేకరణే. నా కొడుకు పాటకు వాడి పేరు పెట్టమని అడిగాను.

"గిది అందరు చేసేదే అక్కా. జానపదం ఎవలు కట్టిండ్రో ఎవలకెరుక? తాతల నాటి పాటలాయె."

"ఆ పాటలో తుబ్లీ తెల్ల బస్సుందయ్యా. మీ తాతలు ఆ బస్సెక్కే డ్యూటీకి వెళ్ళేవారా?"

మూల కూర్చుని డప్పు బిగిస్తున్న ఒకాయన నవ్వు ఆపుకోలేక బయటికి వెళ్ళిపోయాడు. నాకు నవ్వు రాలేదు. ఆ బస్సు చరణం కట్టేటప్పుడు, తర్వాతేం కలపనే అమ్మా అని వాడు ఫోనులో నన్నే అడిగాడు.

"ఒక్కనికి పేరు పెడ్తె రేపు అందరస్తరు. పాతయన్ని దిద్దుకుంట కూసోవాల్నా?" అన్నాడు నర్సన్న. అక్కడితో ఊరుకున్నా బాగుండేది. "ఇంకోటి చెప్తా అక్కా. నువ్వు మైకు ముంగట కూసోని కొడుకును తలుసుకొని ఏడువు. పాట ముంగట పెడ్తా. లక్షలమంది చూస్తరు."

నా ఒళ్ళు మండిపోయింది. "నా ఏడుపుకి నా పేరు వేస్తావా, అదీ సేకరణేనా?"

అతను కంప్యూటరు ముందుకు జరిగి, "ఇంటిపేరు చెప్పక్కా" అన్నాడు. చెప్పాను. మార్చేశా, ఖలాస్, ఇంక పోవచ్చన్నాడు. నా ఫోనులో వాడి పేరు కనబడేదాకా కుర్చీ దిగలేదు. కింద యూసఫ్ భాయి రెండుసార్లు హారన్ కొట్టాడు.

కోపం తగ్గిందా అంటే తగ్గలేదు. పెద్దవాళ్ళు మనల్ని గడప తొక్కనివ్వలేదని పుట్టిన కంపెనీలివి. వీళ్ళే మన పేర్లు తుడిచేస్తే ఇంకెవరి దగ్గరికి వెళ్ళాలి? ఆ బీరువాలో పాటలు కట్టినవాళ్ళకీ తల్లులుంటారు. వాళ్ళలో ఎంతమందికి నాలాగా తుబ్లీ దాకా రావడం కుదురుతుంది?

మీ పిల్లలు ఎక్కడైనా పాట ఇవ్వడానికి వెళ్తుంటే ఈ ఒక్క మాట చెప్పండి. మైకు ముందు మొదట తన పేరూ ఊరూ చెప్పి, ఊపిరి తీసుకోకుండా అదే గుక్కలో పాట ఎత్తుకోమనండి. అప్పుడు పేరు కొయ్యాలంటే పాట కూడా తెగుతుంది.