ఆగిన కాడికెల్లి

పందొమ్మిది వందల అరవైల చివర్లో ఒక మధ్యాహ్నం యూనివర్సిటీ నుంచి తార్నాక బస్టాపుదాకా నడిచేసరికి నా కాళ్ళు జానెడు అరిగిపోయాయి. ఆ మాటే పక్కన నిలబడ్డ మెట్టుగూడ రైల్వే గుమాస్తాతో గొప్పగా చెప్పాను. ఆయన నవ్వలేదు.

"ఏటా సెలవుల్ల నేను, మా ఆమె సముద్రం ఒడ్డెంట నడిచెటోళ్లం సార్. ముందటేడు ఆగిన కాడికెల్లే మళ్ల మొదలు. పోయినేడు ఆమె ఇసుకల కూలబడ్డది. బండి కోసం నేను మైలు ముందుకు పోయిన. తెచ్చేసరికి పానం పోయింది. రేపు మళ్ల పోతున్న. ఏడికెల్లి మొదలువెట్టాలె?"

సముద్రమంత నోరున్న నాకు ఒక్క మాటే దొరికింది. "ఆమె కూర్చున్న చోటి నుంచే."

"గట్లయితే ఒక మైలు ఎక్కువ," అని బస్సు నంబరు చదివినంత మామూలుగా చెప్పి, వచ్చిన బస్సెక్కి వెళ్ళిపోయాడు.