జ్వరం వస్తే నవ్విన డాక్టరమ్మ

మర్కెట్టా వాన్స్కా పల్లె ఆసుపత్రిలో డాక్టరుగా చేరిన కొన్నాళ్ళకే ఆ పని తనకు పడదని తెలుసుకుంది. రోగులంటే ఇష్టం లేక కాదు. సవో ప్రాంతపు మనుషుల దగ్గర సూటిగా ఒక్క జవాబు రాబట్టడం ఆమె వల్ల కాలేదు. "నొప్పి ఎక్కడుంది?" అని అడిగితే "నొప్పి అనుకుంటే నొప్పే, కాదనుకుంటే కాదు" అనేవారు. తనూ ఆ గడ్డ మీద పుట్టిందే. కల్లవేసి సరస్సు మీద పడవ నడిపే తండ్రి కూడా అంతే. ఇవాళ గాలి లేస్తుందా అంటే, "లేచినా లేవచ్చు, దాని ఇష్టం" అని ఊరుకునేవాడు. ఆమెకు మాత్రం ప్రశ్న వేస్తే జవాబు రావాలి. అందుకే ఆసుపత్రి ఉద్యోగం వదిలి కువోపియో పట్నంలోని ఒక పరిశోధనశాలలో చేరింది.

తల్లికి ఆ సంగతి అంతుబట్టలేదు. "ఇంత చదువు చదివి ఎలుకలకు వైద్యం చేస్తావుటే?" అంది.

"ఎలుకలు నయమమ్మా. డొంకతిరుగుడు మాట్లాడవు."

అవి ఎనభైల చివరి రోజులు. అక్కడ ఆమెకు పెద్ద దిక్కు ప్రొఫెసర్ హన్నెస్ లిండ్రూస్. హెల్సింకి నుంచి వచ్చిన మనిషి, ఎండాకాలంలో కూడా టై తీసేవాడు కాదు. జలుబు తెచ్చే వైరస్‌ను పట్టి, దానిలోంచి చెడ్డ భాగం తీసేసి, ఆ చోట ఒక జన్యువును కూర్చి, క్యాన్సర్ కణితిలోకి పంపాలన్నది ఆయన ఆలోచన. ఆ జన్యువు కణితిలోకి చేరాక ఒక మందు ఇస్తే, మిగతా ఒంటికి ఏమీ కాకుండా కణితి ఒక్కటే చస్తుంది. మర్కెట్టా ఆ పనిలో తలమునకలైపోయింది. ఎలుకల్లో కణితులు కరుగుతుంటే ఆమె సంతోషానికి హద్దు లేకపోయింది. వ్యాసాలు అచ్చయ్యాయి. పరదేశాల నుంచి మనుషులు వచ్చి చూసి వెళ్ళారు.

పై అంతస్తులో తౌనో కెకాలైనెన్ అనే ఆయన ఉండేవాడు. రోగం మీద ఒళ్ళు ఎలా తిరగబడుతుందన్నది ఆయన చదువు. ఒకరోజు క్యాంటీన్‌లో బఠాణీ సూప్ తాగుతూ అందరి ముందూ అనేశాడు: "మర్కెట్టా, మీ వైరస్ పోస్ట్‌మ్యాన్‌లా వెళ్ళి దొంగ ఇంటి తలుపు దబదబ బాదుతుంది. ఆ గోలకు వీధిలో కుక్కలన్నీ లేచి దొంగను పీకి పెడతాయి. మీరేమో పోస్ట్‌మ్యాన్‌కి పతకం ఇస్తున్నారు."

బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు పగలబడి నవ్వారు. మర్కెట్టా మొహం కందగడ్డ అయింది. ఆ తర్వాత చాలాకాలం ఆమె తౌనోతో మాట్లాడలేదు. మెట్ల మీద ఎదురైతే చూపు కిటికీ వైపు తిప్పుకునేది.

కానీ మాట అన్నాక అది ఊరికే పోదు. లోపల ఎక్కడో ముల్లులా ఉండిపోయింది. తర్వాతి పరీక్ష మొదలుపెట్టేటప్పుడు ఆమె ప్రొఫెసర్ దగ్గరికి వెళ్ళి, ఈసారి కొన్ని ఎలుకలకు జన్యువు లేని ఖాళీ వైరస్ కూడా ఇస్తానంది.

"దేనికి? ఉత్తరం లేని కవరు ఎవరికైనా పంపుతామా?" అన్నాడాయన.

"పంపితే ఏమవుతుందో చూద్దామని."

"ఎలుకలు దండగ."

"నా వాటాలోంచి తీసుకుంటాను ప్రొఫెసర్ గారూ. మీ వాటి జోలికి రాను."

ఖాళీ వైరస్ ఎక్కించిన ఎలుకల్లో కూడా కణితులు కరిగాయి. జన్యువు ఉన్నవాటికంటే కాస్త తక్కువ, అంతే తేడా. ప్రొఫెసర్ ఆ కణితుల ఫొటోలు చూసి, గొట్టాలు తారుమారు చేసి ఉంటావు, మళ్ళీ చెయ్యి అన్నాడు. ఆమె మళ్ళీ చేసింది. మళ్ళీ అదే వచ్చింది.

ఆ వారమంతా ఆమెకు తిండి సయించలేదు. ఇన్నేళ్ళూ మా జన్యువు కణితిని చంపుతోందని సభల్లో నిలబడి చెప్పింది తనే. ఇప్పుడు చూస్తే ఆ జన్యువు చేసింది కొసరు పనే. తెలియనట్టు ఊరుకోవచ్చు. ఖాళీ వైరస్ ఎక్కించమని ఆమెను ఎవరూ అడగలేదు కదా. కానీ ఊరుకుంటే ఆ కొసరును పట్టుకునే బతుకంతా గడపాలి. శుక్రవారం మధ్యాహ్నం ఏలకుల బన్ను రొట్టెలు ఒక సంచిలో వేసుకుని పై అంతస్తుకు ఎక్కింది.

తౌనో తల ఎత్తి చూశాడు. "దారి తప్పావా?"

"లేదు. ఎలుకలు కావాలి."

"కింద ఎలుకలకు కరువొచ్చిందా?"

"ఒంట్లో కాపలా లేని ఎలుకలు కావాలి. నీ దగ్గరే ఉన్నాయి."

అవి పుట్టుకతోనే రక్షణ కణాలు లేని ఎలుకలు. బొచ్చు కూడా ఉండదు, గులాబీరంగు వేలిముక్కల్లా ఉంటాయి. వాటిని ఎందుకు అడుగుతోందో తౌనోకి వెంటనే అర్థమైంది. కలం కింద పెట్టాడు.

"ఖాళీది కూడా పనిచేసిందా?"

"నవ్వావంటే చెప్పను."

"నవ్వడం లేదు," అన్నాడు. నిజంగానే నవ్వడం లేదు. లేచి కుర్చీ మీది కాగితాల దొంతర తీసి పక్కన పెట్టాడు. "కూర్చో. కాఫీ పోస్తాను. ఆ సంచిలోంచి మంచి వాసన వస్తోంది."

ఆ గులాబీ ఎలుకల్లో ఖాళీ వైరస్ ఏమీ చేయలేకపోయింది. జన్యువు ఉన్నది కణితిని కాస్త కుదించింది గానీ, అది మళ్ళీ పెరిగింది. ఇక అనుమానం లేదు. కణితిని తిన్నది ఒంటిలోని కాపలా కణాలే. వైరస్ వాటిని నిద్రలేపింది, అంతే.

ప్రొఫెసర్ లిండ్రూస్ ఆ ఫలితాల కాగితం తీసుకుని మొదటి నుంచి మళ్ళీ చదివాడు.

"ఇన్నేళ్ళూ మనం చెప్పింది తప్పని మనమే చాటుకుందామా?"

"వేరెవరో చాటేలోగా మనమే చెప్పేద్దాం ప్రొఫెసర్ గారూ."

తుర్కూ నగరంలో జరిగిన సభలో ఆమె చెప్పేసింది. ప్రొఫెసర్ ఒక నెలపాటు ఆమెతో ముక్తసరిగా మాట్లాడాడు. ఆ తర్వాత పిలిచి, "నువ్వు పై అంతస్తుకు వెళ్ళిపో. నీ పని ఇక అక్కడే ఉంది" అన్నాడు. ఆ మాటలో కోపం ఎంతో, ఆశీర్వాదం ఎంతో ఆమెకు ఎన్నటికీ తేలలేదు. ఆయనకూ తెలిసి ఉండదు.

పైన తౌనో పాత సామాను గదిని ఖాళీ చేయించి ఇచ్చాడు. ఇద్దరూ కలిసి వైరస్‌లో ఈసారి వేరే జన్యువు పెట్టారు. అది కణితిని చంపేది కాదు, కాపలా కణాలను కేకేసి పిలిచేది. దాన్ని మూత్రాశయపు క్యాన్సర్ మీద ప్రయోగించాలని అనుకున్నారు, మందును సన్నని గొట్టంతో నేరుగా లోపలికి పోయవచ్చు కాబట్టి. ఎలుకల్లో బాగా పనిచేసింది. మనుషుల దాకా రావడానికి మాత్రం ఏళ్ళు పట్టింది. మధ్యలో సముద్రం అవతల ఒక దేశంలో జన్యు చికిత్స పరీక్షలో ఒక యువకుడు చనిపోయాడు. దాంతో అంతటా భయం పట్టుకుంది. మర్కెట్టా కూడా భయపడింది. చేసిన ప్రతి పరీక్షనూ మళ్ళీ మొదటి నుంచి చేయించింది.

"ఇలాగైతే మనం పింఛను తీసుకునే నాటికి మొదటి రోగి వస్తాడు," అన్నాడు తౌనో.

"రానీ. బతికి వెళితే చాలు."

ఆ ఎదురుచూపుల్లోనే ఒక ఎండాకాలం, సరస్సు ఒడ్డున తన గుడిసె దగ్గర సౌనా అనే ఆవిరి స్నానాల గదికి కట్టెలు కొడుతూ తౌనో ఆగి అన్నాడు: "రెండిళ్ళకు విడివిడిగా కట్టెలు కొట్టడం దండగ కదా."

మర్కెట్టా అతని వైపు చూసింది. జన్మలో మొదటిసారి ఆమె కూడా సవో మనిషిలా జవాబు చెప్పింది. "దండగ అనుకుంటే దండగే."

ఆకురాలు కాలంలో పెళ్ళి చేసుకున్నారు. అప్పటికి ఇద్దరికీ యాభై దరిదాపులు. పెళ్ళికి ప్రొఫెసర్ లిండ్రూస్ టై కట్టుకుని వచ్చి, ఎవరూ అడగకపోయినా వాల్ట్జ్ నాట్యం ఆడాడు.

పరీక్షకు వచ్చిన మొదటి రోగులలో ఎన్సియో రిస్సనెన్ ఒకడు. కుర్రతనంలో దుంగల తెప్పలను నదుల మీద నడిపినవాడు, డెబ్భై దాటినా భుజాలు వంగలేదు. కణితిని ఎన్నిసార్లు గీకి తీసినా మళ్ళీ వస్తోంది. మూత్రాశయం తీసేయాలని శస్త్రచికిత్స డాక్టర్లు అన్నారు. అతను ఒప్పుకోలేదు. పొట్టకు మూత్రపు సంచి కట్టుకుని చేపలు పట్టడం తనవల్ల కాదన్నాడు.

మర్కెట్టా అతని ఎదురుగా కూర్చుని అంతా విడమరిచి చెప్పింది. "ఇది పనిచేయకపోవచ్చు ఎన్సియో. ఈలోగా కణితి ముదిరే ప్రమాదం కూడా ఉంది. నీకు ఏమీ దాచను."

"పనిచేసినా చేయవచ్చా?"

"చేయవచ్చు."

"అయితే పోయించు. ఎలుకలకు నయమైందిగా, నేను వాటికంటే తీసిపోయానా?"

మందు పోసిన మర్నాడు ఎన్సియోకి జ్వరం వచ్చింది. దుప్పటి కింద గడగడ వణుకుతున్నాడు. మర్కెట్టా వచ్చి రక్తపరీక్ష చూసింది, అతని నుదుటి మీద చేయి పెట్టింది. ఆమెకు తెలియకుండానే మొహం విప్పారింది.

"నేను చలితో చస్తుంటే నువ్వు నవ్వుతావేంటి డాక్టరమ్మా?"

"నీ ఒళ్ళు నిద్రలేచింది. దానికే ఎదురుచూస్తున్నా."

"లేస్తే లేచింది గానీ, ఇంత రచ్చ చేస్తూ లేవాలా?"

"నీ ఒళ్ళు కదా, నీలాగే ఉంటుంది."

నర్సు మూతికి చేయి అడ్డం పెట్టుకుంది. ఎన్సియో పళ్ళు టకటకలాడుతుండగానే నవ్వాడు. జ్వరం మరీ పెరగకుండా చూసుకుంటూ మర్కెట్టా ఆ రోజంతా వార్డులోనే ఉంది. సాయంత్రానికి తగ్గుముఖం పట్టింది. మూడు నెలల తర్వాత గొట్టపు కెమెరాతో లోపల చూసిన డాక్టరు మర్కెట్టాను పక్కకు పిలిచి తెర చూపించాడు. కణితి ఉన్నచోట నున్నటి లేత పొర. ఆమె "మళ్ళీ ఒకసారి చూపించు" అంది. చూసింది. ఇంకోసారి చూపించమంది.

కబురు విని ఎన్సియో ప్యాంటు వేసుకుని వెళ్ళిపోయాడు. మరుసటి వారం కలకుక్కో తెచ్చి ఆమె బల్ల మీద పెట్టాడు. రై పిండి రొట్టె పగలగొడితే లోపల చిన్న చేపలు, పంది కొవ్వు. "చేపలు నేను పట్టినవే. రొట్టె మా అమ్మాయి చేసింది, కాస్త మాడింది. నువ్వు చూసీచూడనట్టు తిను," అని వెళ్ళాడు.

అందరికీ అలా జరగలేదు. సుమారు సగంమందికి నయమైంది, సగంమందికి కాలేదు. చర్చి వంటశాలలో పనిచేసే ఒకావిడకు జ్వరమే రాలేదు. ఎదురుచూశారు, మళ్ళీ పోశారు, అయినా ఆమె ఒళ్ళు లేవలేదు. తర్వాత మూత్రాశయం తీసేశారు. ఏడాది తిరిగేసరికి ఆమె పోయింది. మర్కెట్టా అంత్యక్రియలకు వెళ్ళి వెనక వరసలో కూర్చుంది. బయటికి వచ్చాక పోయినావిడ భర్త మర్కెట్టా చేయి పట్టుకుని, "ఏమీ దాచకుండా చెప్పావని నీ గురించి అంటుండేది," అన్నాడు. ఇంటికి వచ్చి మర్కెట్టా తౌనో పక్కన కూర్చుని ఏడ్చింది. తర్వాత మొహం కడుక్కుని, "సగంమందిలో ఎందుకు లేవడం లేదో చూడాలి" అంది. మిగిలిన ఉద్యోగకాలమంతా ఆమె ఆ ప్రశ్న వెంటే తిరిగింది. కొంత తేలింది. కొందరి కణితులు కాపలా కణాలను గుమ్మంలోనే ఆపేస్తున్నాయి. ఆ అడ్డు తొలగించే మందు కూడా కలిపి ఇచ్చాక నయమైనవాళ్ళు ఇంకొందరు పెరిగారు. అందరూ కాదు.

ఎన్సియో ఎనభై ఎనిమిదో ఏట గుండె ఆగి, మధ్యాహ్నపు నిద్రలో పోయాడు. అతని కూతురు ఫోన్ చేసి ఆ మాట చెప్పి, "మూత్రాశయం మాత్రం ఆఖరిదాకా బ్రహ్మాండంగా ఉంది. అది మీకు చెప్పాలని" అంది. మర్కెట్టాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

ఇప్పుడు ఆమె పింఛను తీసుకుంటోంది. వారానికి ఒకరోజు విద్యార్థుల దగ్గరికి వెళుతుంది. మిగతా రోజులు సరస్సు ఒడ్డునే. తౌనోకి చేపలకు పొగపెట్టడం సరిగా రాదని ఆమె, ఆమెకు తినడం రాదని అతను రోజూ కీచులాడుకుంటారు. మొన్న బ్లూబెర్రీలు ఏరుతుండగా ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది. కొత్త రోగికి జ్వరం వచ్చిందట, వార్డులో డాక్టరు కంగారుపడుతోంది.

"ఎంత ఉంది?" అని అడిగి విన్నది. నాడి అడిగింది, రక్తపోటు అడిగింది. "సరే. నీళ్ళు బాగా ఎక్కించు, పక్కనే ఉండు. గంటకోసారి నాకు చెప్పు."

"ఏమిటట?" అన్నాడు తౌనో, బుట్టలో ఆకులు ఏరేస్తూ.

"ఎవరికో ఒళ్ళు నిద్రలేచింది," అని ఆమె పొద దగ్గర మళ్ళీ వంగింది.