విమానం కార్డు మీద నల్లజీడి మరక

నిన్న పాత ట్రంకుపెట్టె సర్దుతుంటే విమానం బొమ్మ కార్డు దొరికింది. అరవైల చివర్లో, ఆమదాలవలస స్టేషన్లో నాన్న కొన్న చాక్లెట్ల డబ్బాలో వచ్చిన కార్డది. చూడగానే మా తమ్ముడు తడి దూది పట్టుకొచ్చాడు.

"ఈ నల్ల మరక తీసేత్తే కొత్తదానిలాగుంతాది, అక్కా."

"ఆగరా!"

"మరకే కదా, నీకేటి?"

దూది అప్పటికే అంచుకు తగిలింది. అక్కడ కాగితం నూగులా లేచింది. చటుక్కున కార్డు లాగేసుకున్నాను.

మీకు నల్లజీడి గుర్తుందా? చాకిరేవులో బట్టలు కలిసిపోకుండా ఆ గింజ రసంతో ఇంటికో గుర్తు పెట్టేవారు. ఎన్ని ఉతుకులు ఉతికినా పోయేది కాదు. మా ఇంటి గుర్తు ఒక గీత, దాని కింద రెండు చుక్కలు.

నాన్న ఆ డబ్బా తెచ్చిన రోజు కార్డు నాదంటే నాదని మేమిద్దరం జుట్లు పీక్కుంటుంటే అమ్మ లాక్కుంది. జీడిగింజలో పిన్నీసు గుచ్చి, విమానం రెక్క మీద ఆ గుర్తే పెట్టేసింది.

"ఇంక నీదీ కాదు, ఆడిదీ కాదు. ఇంటిది. మళ్ళీ కొట్టుకున్నారో, సూడండి!"

తమ్ముడప్పుడు మరీ పసివాడు. వాడికిదేమీ గుర్తులేదు. కార్డు వాడి చేతిలో పెట్టి, "మరక కాదురా, సరిగ్గా చూడు" అన్నాను.

కళ్ళజోడు పైకెత్తి చూశాడు. గీత, రెండు చుక్కలు.

మా అమ్మ బడి మొహం చూడలేదు, ఎక్కడైనా వేలిముద్రే. తన చేత్తో రాసిందంటూ మాకు మిగిలింది ఇదొక్కటే.

వాడు దూది పారేశాడు. కార్డు మాత్రం తిరిగివ్వలేదు.