మూడో చెవి

ఆ వీధిలో వెల్డింగ్ షాపులు నాలుగున్నాయి. మూడింటిలో పని ఇచ్చిన రోజే చేతికొస్తుంది. నాలుగోది ఆగు మేస్త్రిది. ఆయనకు తల్లిదండ్రులు పెట్టిన పేరు లేకపోలేదు గాని, దాన్ని పలికేవాళ్లే ఇప్పుడు లేరు. గేటు కమ్మీ విరిగిందని వచ్చినవాణ్ణి గంటలో పంపించేస్తాడు. రెండు రకాల ఉక్కుల్ని కలపాల్సి వచ్చిందంటే మాత్రం, అతుకు పెట్టాక రెండు రోజులపాటు దాన్ని ఎవర్నీ ముట్టుకోనివ్వడు. "ఆగు" అంటాడు. బతిమాలినా అదే మాట, బెదిరించినా అదే మాట. భార్య బతికున్న రోజుల్లో, కంచం ముందు కూర్చున్న మనిషిని "వడ్డించమంటారా, రెండు రోజులు ఆగమంటారా?" అని ఎత్తిపొడిచేది. ఆయన నవ్వేవాడు కాదు. ఆ ఒక్క విషయంలో ఆయనకు నవ్వు రాదు.

ఎందుకు రాదో చెప్పాలంటే ముందు అతుకు సంగతి చెప్పాలి. స్టెయిన్‌లెస్ స్టీలు తీరు వేరు, ఇరుసులకు వాడే గట్టి ఉక్కు తీరు వేరు. వేడెక్కితే మొదటిది ఎక్కువ సాగుతుంది, రెండోది తక్కువ సాగుతుంది. చల్లారేటప్పుడు ఒకటి దగ్గరికి లాగుతుంటే ఇంకొకటి రానని మొండికేస్తుంది. పైగా గట్టి ఉక్కు గబుక్కున చల్లారితే పెళుసెక్కుతుంది. వెల్డింగ్ కడ్డీకి ఏ కాస్త చెమ్మ పట్టినా, అందులోంచి పుట్టిన వాయువు అతుకులో దాక్కుని తీరిగ్గా తన పని మొదలుపెడుతుంది. అందుకే పగులు వెంటనే రాదు. అందరూ పని మెచ్చుకుని, టీ తాగి, ఇళ్లకు పోయాక వస్తుంది. మర్నాడు రావచ్చు, ఆ మర్నాడూ రావచ్చు.

పంతొమ్మిదేళ్ల కిందట సబ్బుల ఫ్యాక్టరీలో పెద్ద స్టెయిన్‌లెస్ తొట్టికి మేస్త్రి గట్టి ఉక్కు చెవులు అతికించాడు. గొలుసు తగిలించి క్రేన్‌తో ఎత్తడానికి పెట్టే దళసరి కడియాలవి. యజమానికి తొందర. మేస్త్రికీ అప్పట్లో తొందరే. మర్నాడు పొద్దున్నే ఎత్తారు. కింద సర్దడానికి ఆయన సొంత తమ్ముడు నిలబడ్డాడు. ఒక చెవి ఊడింది. తమ్ముడి ఎడమ కాలు మోకాలి కింద నుంచి పోయింది.

అప్పటి నుంచి మేస్త్రికి రెండు అలవాట్లయ్యాయి. ఒకటి ఆగడం. రెండోది, తను అతికించిన దాన్ని మొదటిసారి పైకెత్తేటప్పుడు దాని కింద తనే నిలబడడం. "పని మీద ఎంత ధీమా!" అని జనం చెప్పుకునేవాళ్లు. ధీమా కాదని వాళ్లకు తెలియదు. తొట్టి ఎత్తిన పొద్దున ఆయన ఒకటి చూశాడు, చూసిన సంగతి ఎవరికీ చెప్పలేదు. తమ్ముడు ఊతకర్రతో ఆ షాపులోనే ఉంటూ, కడ్డీలు ఓవెన్‌లో ఎండబెట్టి అందిస్తుంటాడు. నిజం చెబితే ఆ తమ్ముడు మళ్లీ షాపు మెట్టెక్కుతాడా అన్నదే మేస్త్రి భయం. ఆ భయంతోనే పంతొమ్మిదేళ్లు నోరు కుట్టేసుకున్నాడు.

ఈ ఏడు రంగుల ఫ్యాక్టరీ నుంచి అచ్చం అలాంటి తొట్టే వచ్చింది. మూడు చెవులు, అవీ గట్టి ఉక్కువే. మేస్త్రికి కుడికన్ను మసకేసింది. పని తమ్ముడి కూతురు చేతిలో పెట్టక తప్పలేదు. ఆ అమ్మాయి ఆరేళ్లుగా పెదనాన్న దగ్గరే పని నేర్చుకుంది. ఆయనంతటి మొండిది.

మొదట చెవిని మంటతో కాచింది. వేడి చాలిందో లేదో చూసే సుద్దతో గీసి, గీత కరిగాకే కడ్డీ పట్టుకుంది. గట్టి ఉక్కు ముఖం మీద మెత్తటి స్టెయిన్‌లెస్ కడ్డీతో రొట్టెకు వెన్న రాసినట్టు ఒక పొర పరిచింది. ఒకదానికొకటి పడని రెండు లోహాల మధ్య లాగుడంతా ఆ పొర ఓర్చుకుంటుంది. దాన్ని వేడికి కాలని దళసరి దుప్పటిలో చుట్టి, నెమ్మదిగా చల్లారనిచ్చి, ఆ తర్వాతే తొట్టికి అతికించింది. మొదటి రెండు చెవులకూ మేస్త్రి పక్కనే కూర్చున్నాడు. మూడోదానికి పొర పరిచిన మధ్యాహ్నం కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాల్సొచ్చింది.

అతుకులన్నీ పూర్తయ్యాక రెండో రోజు సాయంత్రం పరీక్ష. అతుకుల మీద ఎర్ర రంగు నీళ్లు చల్లి, కాసేపుంచి తుడిచి, తెల్లపొడి కొట్టారు. ఎక్కడైనా పగులుంటే లోపల దాక్కున్న ఎరుపు తెలుపులోకి ఊరుతుంది. మొదటి చెవి తెల్లగా ఉంది, రెండోదీ అంతే. మూడోదాని అంచు మీద వెంట్రుకంత గీత, ఎర్రగా, తాపీగా పైకి తేలింది.

ఫ్యాక్టరీ సూపర్‌వైజర్ వంగి చూశాడు. "ఇదా? ఇది పైపైన గీసుకున్న మరకండీ. తుడిచేయండి. క్రేన్ బయట నిలబడి ఉంది."

అమ్మాయి తడబడింది. "మరకేనేమో పెదనాన్నా. తుడిచి చూద్దామా?"

మేస్త్రి బొటనవేలు గీత దాకా వెళ్లింది. వెళ్లి ఆగిపోయింది. ఆ వేలిని పిడికిట్లో ముడుచుకున్నాడు.

"తుడవొద్దమ్మా" అన్నాడు. తర్వాత తమ్ముడి వైపు తిరిగాడు. ముఖం చూడలేక ఊతకర్ర వైపు చూస్తూ చెప్పాడు. "ఆ రోజు కూడా ఇలాగే వచ్చిందిరా, గీత. మరకే అనుకున్నాను. కాదు, మరకైతే బాగుండనుకున్నాను. బొటనవేలితో తుడిచేసి, ఎత్తమన్నాను. నీ కాలు తీసింది ఆ చెవి కాదు, నేను."

సూపర్‌వైజర్ రెండడుగులు వెనక్కి వేశాడు. తమ్ముడు ఊతకర్ర మీద బరువు మార్చుకున్నాడు.

"నాకు తెలుసన్నయ్యా."

"ఏం తెలుసు?"

"నీ వేలికి ఎరుపంటి ఉంది. ఆ రోజే చూశాను. చూసే కింద నిలబడ్డాను. నువ్వు చూసుకునే ఉంటావులే అనుకున్నా."

"మరి ఇన్నేళ్లూ ఒక్క మాటైనా..."

"నువ్వే చెబుతావని ఆగాను. ఆగడం నీకొక్కడికే వచ్చనుకున్నావా?"

మేస్త్రి స్టూలు మీద కూలబడ్డాడు. అరవై నాలుగేళ్ల మనిషి, పనివాళ్ల ముందు, ఫ్యాక్టరీవాడి ముందు, వెక్కివెక్కి ఏడ్చాడు. తమ్ముడు ఓదార్చలేదు. కోపం లేకపోలేదు, ఉంది. చాలా ఏళ్లు ఉండి, ఉండి, దానికీ వయసైపోయింది. మంచినీళ్ల చెంబు తెచ్చి స్టూలు పక్కన పెట్టాడు.

"ఇంకోటి కూడా చెప్పనీ" అన్నాడు తమ్ముడు. "ఈ గీత పిల్ల తప్పు కాదు, నాది. నువ్వు కంటి డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు పిల్ల చెమటతో తడిసిపోతోంది. చూడలేక ఫ్యాన్ ఇటు తిప్పాను."

అమ్మాయి నోరు వెళ్లబెట్టింది. "నువ్వా నాన్నా? ముసుగులో ఉన్నా, చల్లగా తగిలింది. గాలి వీచిందేమో అనుకున్నాను."

కాగుతున్న ఉక్కుకు ఆ గాలి చాలు. కూతురి మీద జాలి వేడి మీదున్న చెవికి పగులు తెచ్చిపెట్టింది. అమ్మాయి సూపర్‌వైజర్ వైపు తిరిగి, "క్రేన్‌ని పంపించేయండి సార్, ఇంకో నాలుగు రోజులు ఆగాలి" అంది. అచ్చం పెదనాన్న గొంతే. అతను స్టూలు మీది మనిషిని ఒకసారి చూసి, క్రేన్‌ని పంపించడానికి బయటికి నడిచాడు.

ఆ చెవిని కోసేసి, పగులున్నంత మేరా అరగదీసి, మళ్లీ మొదటి నుంచీ చేసింది. ఈసారి తండ్రి ఫ్యాన్ ప్లగ్గు పీకి, వైరు చుట్టి జేబులో పెట్టుకుని కూర్చున్నాడు. రెండు రోజులాగి రంగు నీళ్లు చల్లారు, తెల్లపొడి కొట్టారు. మూడు చెవులూ తెల్లగానే ఉన్నాయి. మేస్త్రి మసక కంటితో చూసి నమ్మక, మంచి కన్ను ఆనించి మళ్లీ చూశాడు.

క్రేన్ గొలుసు బిగిసింది. అలవాటు ప్రకారం మేస్త్రి తొట్టి వైపు నడిచాడు. అమ్మాయి ఆయన్ని దాటుకుని ముందుకెళ్లింది. "అతుకు నాది పెదనాన్నా. నిలబడాల్సింది నేను."

తమ్ముడు ఇద్దరికీ అడ్డంగా ఊతకర్ర చాపాడు.

"అన్నయ్యా, కాలు పోయింది నాది. నీకు శిక్ష వేయాలంటే నేను వేయాలి. నేను వేయలేదు." కూతురి వైపు చూసి, "నువ్వు కూడా ఈ పిచ్చి నేర్చుకోకు. అతుకు బాగుంటే కింద మనిషితో దానికి పనిలేదు" అన్నాడు.

ముగ్గురూ వెనక్కొచ్చి గోడకు ఆనుకుని నిలబడ్డారు. అన్నదమ్ముల భుజాలు ఆనుకున్నాయి, ఇద్దరిలో ఎవరూ పక్కకు జరగలేదు. తొట్టి నేల వదిలింది, మోకాలెత్తు లేచింది, మనిషెత్తు లేచింది, గాలిలో అరచుట్టు తిరిగి ఆగింది. దాని కింద ఎవరూ లేరు.