చేటలో ఇసుక

పోయిన నెల అనంతపురం నుంచి ఫోను వచ్చింది. మా ఊరి బడిలో చాలా ఏళ్ళు పనిచేసి వెళ్ళిన అయ్యవారు చనిపోయారని ఆయన కొడుకు చెప్పాడు. "అయ్యో" అనాల్సిన చోట నా నోటికి "మా చేట ఆయన దగ్గరే ఉండాదే" అని వచ్చింది. ఏం చేసేది, ఆ మనిషిని తలచుకుంటే నాకు మొదట వచ్చేది విసుగే.

ఒక్క గది బడి, ఒక్క అయ్యవారు. హాయిగా బోర్డు మీద రాసి అందరిచేతా అరిపించవచ్చు. అలా చేయరు. ఒకడికి చేటలో ఇసుక పోసి వేలితో రాయించడం. ఆ చేట మాదే. ఇంకొక పిల్లకు సరిగా వినపడదని తన మోకాలి పక్కనే కూర్చోబెట్టుకోవడం. కుదురు లేనివాడికి వరండాలో నడిపిస్తూ ఎక్కాలు చెప్పడం. అది బడో సంతో తెలిసేది కాదు.

"అయ్యవారూ, ఇంతమందికి ఇన్ని పాఠాలైతే మీరు సస్తారు" అన్నాను ఒకసారి.

"ఏమన్నా, నీ మేకలన్నీ ఒకే ఆకు తింటాయా?"

"తినవు. అట్లని ఒక్కో మేక వెనక ఒక్కో కొండకు పోను నేను."

ఆయన నవ్వారు. నేనన్న 'సస్తారు' మాత్రం ఇప్పుడు వెనక్కి తీసుకోవాలనిపిస్తోంది.

నేను బడి మొహం చూసినవాడిని కాను. ఎరువుల సంచుల మీద, కంబదూరు బస్సుల నుదుట అక్షరాలు చూసి చదువు నేర్చుకున్నాను. నాకు 'యూరియా' ముందు వచ్చింది, 'అమ్మ' తర్వాత వచ్చింది. ఈ సంగతి ఆయనకు చెప్పడం నా తప్పు. ఏ అక్షరం ఎట్లా తెలిసిందని వారం రోజులు పీడించారు. ఏం చెప్పబోతున్నాను? ఆ, మా మనవరాలి సంగతి.

అప్పుడు నా మనవరాలికి మూడో తరగతిలో రెండో ఏడు. బోర్డు చూడమంటే కళ్ళు ఒకవైపు, కాళ్ళు ఒకవైపు. నా కొడుకు తేల్చేశాడు: "నాయనా, విత్తనం పడేలోపల అది ఒక పేజీ చదివితే సరి. లేకుంటే మేకలెనక పోతాది."

అదే వారం అయ్యవారు లెక్కలు నేర్పడానికని మా విత్తనం శనక్కాయలు ఒక సంచి పట్టుకుపోయారు. పిల్లలచేత ఒలిపించి గింజలు ఇచ్చేస్తానన్నారు. కాయ మెత్తబడడానికి కాస్త నీళ్ళు చిలకరించమన్నాను. పట్నం మనిషి కదా, సంచి మొత్తం తొట్టిలో నానబెట్టారు. మూడో రోజుకు మొలకలు. ఊరంతా వినేట్టు అరిచాను.

ఆదివారం ఆయన మా వాకిట్లో దిగారు. ఇంట్లో మిగిలిన విత్తనం కాయలు తానూ ఒలుస్తానని ఆడవాళ్ళ పక్కన కూర్చున్నారు. గంటకు గుప్పెడు.

"మీ ఒలుపు అయ్యేదాకా వాన కాచుకోని ఉండదు సామీ" అంది నా భార్య.

మనవరాలు మాత్రం చకచకా ఒలుస్తూ, ముందు వారం ఆయన బడిలో చెప్పిన గాడిద కథను పొల్లు పోకుండా చెప్పుకుపోతోంది. బడిలో నోరు తెరవని పిల్ల. అయ్యవారి చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది.

"దీనికి చేతుల్లో పని ఉంటేనే చెవులు పనిచేస్తాండాయన్నా" అన్నారు మెల్లగా.

సోమవారం నుంచి బడిలో ఆ పిల్ల ఒళ్ళో కాయలు, ముందు పుస్తకం. ఆ సంచీ మాదే. విత్తడానికి నేల పదునయ్యేంత వాన పడిన మర్నాడు నా కొడుకు బడి గుమ్మంలో నిలబడ్డాడు. వెనక నేను. మనవరాలు కాయలు చిదుపుతూ, మాటకొక గింజ రాలుస్తూ పేజీ మొత్తం చదివింది. రెండు చోట్ల తడబడింది. అయ్యవారు మాట అందించలేదు, ఊరికే కాచుకున్నారు. నా కొడుకు "ఊ" అని, ఒక్కడే మేకల్ని తోలుకుపోయాడు.

ఈ ఏడు ఆమె పదో తరగతి. మొన్న అయ్యవారి కొడుకు చేటను బస్సులో పంపించాడు. అల్లిక సందుల్లో ఇంకా ఇసుక ఉంది. మనవరాలు దాన్ని దులపకుండానే ముందు పెట్టుకుంది. బయట మబ్బు పట్టింది. ఆమె కళ్ళు పుస్తకం మీద, చేతులు కాయల మీద. గింజ పడినప్పుడల్లా చేటలో సన్నటి ఇసుక కదులుతోంది.