డోలక్ మీద నర్సింహ

జూబ్లీహిల్స్ నుంచి ఫిల్మ్‌నగర్ వైపు దిగే వాలులో ఆటో నెమ్మదించింది. డ్రైవర్ పెట్టిన రేడియోలో డోలక్ దరువుతో ఒక పాట సాగుతోంది. పాట ముగిసింది. ఆఖరి దెబ్బ ఇంకా చెవిలో ఉండగానే ఒక సబ్బు ప్రకటన, ఒక ఇళ్ల స్థలాల వెంచరు ప్రకటన, మరో పాట వరసగా వచ్చి పడ్డాయి. నేను ఎదురుచూసింది మాత్రం రాలేదు. పాడిందెవరు? డోలక్ వాయించిందెవరు? ఆ పేర్లు వినపడితే తప్ప పాట పూర్తయినట్టు తోచని అలవాటు నాకు శారదాంబ గారి వల్ల అబ్బింది.

తొంభైల తొలి సంవత్సరాల మాట. కచ్చితమైన తేదీ చూపే కాగితం నా దగ్గర లేదు గనుక అంతకు మించి రాయను. అప్పుడు నేను ప్రభుత్వ రేడియో కేంద్రంలో శ్రోతల సర్వే విభాగంలో పనిచేసేవాణ్ణి. ఎవరు ఏ కార్యక్రమం వింటున్నారో ఇంటింటికీ వెళ్లి అడిగి లెక్క తేల్చడం నా పని. శారదాంబ గారు సంగీత విభాగం అధికారి. మాది గుంటూరు వైపు అనేవారు. ఆదివారం ఉదయం ఆవిడ నిర్వహించే అరగంట కార్యక్రమం పేరు ‘గ్రామ్య గాన లహరి’. ప్రకటనలు లేవు, సినిమా పాటలు లేవు. నగరంలోని బస్తీల వాళ్లు వచ్చి తమ పాటలు పాడేవారు. ప్రతి పాట తరువాత పాడినవారి పేరు, ఉండే చోటు, వాద్యకారుల పేర్లు తప్పక చెప్పించేవారు.

ఆ నియమం ఎంత గట్టిదో ఒక రికార్డింగులో చూశాను. ఆ రోజు పాడింది ఫిల్మ్‌నగర్ బస్తీ యాదమ్మ. జూబ్లీహిల్స్‌లో ఒక పెద్దింట్లో పనిచేసేది. డోలక్ ఆమె భర్త నర్సింహది. సినిమా స్టూడియోలో లైట్లు మోసే మనిషి. టేపు నిడివి మించిపోయింది. ఇంజనీరు అద్దం అవతలి నుంచి, “మేడమ్, చివర పేర్లు తీసేస్తే సరిపోతుందండీ” అన్నాడు.

“ఒక చరణం తియ్యి నాయనా. పేర్లు ఉండాలి.”

“పాట కోసి పేర్లు ఉంచడమేంటండీ? పాట కోసమే కదా వినేది!”

“పాట వాళ్ల అమ్మమ్మలది, రేపు ఇంకొకరు పాడతారు. పేరు మాత్రం ఈ రోజు మనం చెప్పకపోతే ఇంకెవరూ చెప్పరు.”

లోపలున్న యాదమ్మ భర్తను మోచేత్తో పొడిచింది. “ఇన్నవా? నేను పిలిస్తెనే పలకవు, ఇగ రేడియోల పిలుస్తరట నిన్ను.”

కొన్నాళ్లకు ఆ అరగంటకే గండం వచ్చింది. సినిమా పాటలతో ఆ సమయాన్ని నింపడానికి ఒక సబ్బుల కంపెనీ ముందుకొచ్చింది. మా కేంద్రం సంచాలకులు శారదాంబ గారిని పిలిచి, “మీ అభిమానం నాకు తెలుసండీ. కానీ వినేవాళ్లున్నారని లెక్క చూపించండి. లేదంటే ఆపేద్దాం” అన్నారు. ఆ లెక్క నాకు అప్పగించారు.

ఫిల్మ్‌నగర్ బస్తీ, బోరబండ, వెంగళరావు నగర్, జూబ్లీహిల్స్ తిరిగాను. ప్రశ్న మా కార్యాలయం అచ్చు వేసి ఇచ్చిందే: ‘మీరు గ్రామ్య గాన లహరి వింటారా?’ దాదాపు అందరూ లేదన్నారు. ఆ కాగితాలు తీసుకెళ్లి శారదాంబ గారి ముందు పెట్టాను. ఆవిడ ఒక్కొక్కటే చూసి, “లెక్కలో తప్పేం లేదయ్యా, రామచంద్రం. వాళ్లు చెప్పిందే రాశావు” అన్నారు. కాగితాలు పక్కన పెట్టి, “రేపు నన్ను కూడా తీసుకెళ్లు” అన్నారు.

మర్నాడు ఫిల్మ్‌నగర్ బస్తీ మొదట్లో మిర్చి బజ్జీలు వేసే ఒకావిడ దగ్గర ఆగాం. సర్వేలో నాతో విననని చెప్పినవాళ్లలో ఆవిడా ఉంది. శారదాంబ గారు కార్యక్రమం పేరెత్తలేదు. “ఆదివారం పొద్దున రేడియో పెడతావామ్మా?” అని మాత్రం అడిగారు.

“ఎందుకు పెట్టనమ్మా! మా యాదమ్మ పాట అస్తది గద. డోలక్ నర్సింహ అని గూడ చెప్తరు. గప్పుడైతే గల్లీ గల్లీ సప్పుడు బందు.”

“మరి మొన్న ఈయనతో వినను అన్నావట?”

“గీ సారు ఏందో లహరి గిహరి అన్నడు. గది మాకేం ఎరుక? ఎవ్వలు పాడినా మేం యాదమ్మ పాట అనే అంటం.”

ఆవిడ పగలబడి నవ్వింది. నాకు నవ్వు రాలేదు. శ్రోతకు తెలియని పేరుతో శ్రోతను లెక్కించాం. అయినా, “మనమే జవాబు అందించినట్టు కాకూడదు మేడమ్” అన్నాను. శారదాంబ గారు వెంటనే ఒప్పుకున్నారు. “అయితే యాదమ్మ పేరూ ఎత్తొద్దు. పోయిన ఆదివారం ఏం విన్నారో వాళ్లనే చెప్పమను. అన్ని చోట్లా మళ్లీ అడుగు. మనకు నచ్చిన చోట మాత్రమే కాదు.”

అన్ని చోట్లా మళ్లీ అడిగాను. బస్తీలోనూ బోరబండలోనూ లెక్క పూర్తిగా తిరగబడింది. వెంగళరావు నగర్‌లో మాత్రం నిజంగానే వినేవాళ్లు తక్కువ. “దాన్ని అలాగే రాయి. అది దాస్తే మిగతాది కూడా నమ్మరు” అన్నారు శారదాంబ గారు. జూబ్లీహిల్స్‌లో యాదమ్మ పనిచేసే ఇంటి పెద్దావిడ నన్ను కూర్చోబెట్టి కాఫీ ఇచ్చింది. “మా ఇంట్లో ఇన్నేళ్లూ దాన్ని ‘పనమ్మాయ్’ అనేవాళ్లమండీ. రేడియోలో పేరు విన్నాక మా మనవలు కూడా ‘యాదమ్మా’ అని పిలుస్తున్నారు. ఇది మీ కాగితంలో ఎక్కడ రాస్తారు?” అని అడిగింది. రాయడానికి గడి లేదు. కాగితం వెనక రాసుకున్నాను.

సంచాలకులు నా నివేదికను తిప్పి తిప్పి చూశారు. వెంగళరావు నగర్ దగ్గర ఆగి, “ఇక్కడ తక్కువే ఉందే?” అన్నారు.

“తక్కువేనండీ” అన్నారు శారదాంబ గారు.

“అయితే మిగతావి నమ్మొచ్చు” అని సంతకం పెట్టారు. అరగంట నిలిచింది. సబ్బుల కంపెనీకి వేరే సమయం చూసుకోమని చెప్పారు.

ఆ తరువాత ఉద్యోగంలో ఎన్నో సర్వేలు చేశాను. అంకెల మీద నా నమ్మకం ఈ నాటికీ సడలలేదు. అయితే ఏ అంకె చూసినా, దాన్ని రాబట్టిన ప్రశ్న ఏమిటని ముందు అడుగుతాను. అందరికీ చెందిన రేడియో ఎందుకని ఎవరైనా అడిగితే నా జవాబు చిన్నది: అమ్మడానికి ఏమీ లేని చోటే మనిషి పేరు చెప్పడానికి తీరిక ఉంటుంది.

“ఇప్పుడు పాడిందెవరు బాబూ?” అని ఆటో డ్రైవర్‌ను అడిగాను.

“ఎవరో సార్, చెప్తే గద ఎరుకయ్యేది.”

ప్రభుత్వ స్టేషన్ పెట్టమన్నాను. దిగవలసిన చోటు వచ్చినా, పాట అయ్యేదాకా దిగలేదు. అనౌన్సరు తొందరపడకుండా గాయని పేరు చెప్పి, “డోలక్ మీద...” అంటూ నేనెరుగని ఒక పేరు చదివింది.

డ్రైవర్ వెనక్కి తిరిగాడు. “గీ పేరుతోని మా బోరబండల ఒకడున్నడు సార్. వాడేనా ఏంది?” అంటూ రేడియో సౌండు పెంచాడు.