బావ కంప్యూటర్లో డిక్షనరీ

మొన్న మార్కెట్లో పార్సెళ్ళు కట్టే చోట, జగిత్యాల నుంచి కొత్తగా వచ్చిన ఒకాయన జేబులోంచి ఫోను తీసి ఎదురుగా ఉన్న గుజరాతీ బోర్డుకు చూపించాడు. బోర్డు మీది అక్షరాలు ఫోనులో ఒక్క క్షణం వణికి తెలుగైపోయాయి. 'ఇక్కడ ఉమ్మరాదు' అని. ఆయన అప్పటికే ఉమ్మేసి ఉన్నాడు, అది వేరే సంగతి. చుట్టూ ఉన్నవాళ్ళంతా నవ్వారు. నేను అందరికంటే ముందు నవ్వాల్సినవాణ్ణి. కానీ నాకు మా అక్క వేళ్ళు గుర్తొచ్చాయి. ఒక్కొక్క అక్షరాన్నీ వెతికి పట్టుకుని, ఒక్కొక్క మీటనూ నొక్కి, ఒక మాట తెలుగయ్యేదాకా ఊపిరి బిగబట్టి కూర్చున్న మా అక్క వేళ్ళు.

నా సంగతి ముందే చెప్పేస్తే మీకూ నాకూ మంచిది. సూరత్‌లో మా వాళ్ళ మధ్య నా మాటకు గిరాకీ చాలా ఉంది, విలువ మాత్రం లేదు. తాపీ నదికి పెద్ద వరద వచ్చినప్పుడు మా కార్ఖానాలోంచి ఒక బీము, అంటే పడుగు నూలు చుట్టి ఉండే మనిషంత ఇనుప రోలరు, నీళ్ళలో తేలుకుంటూ సముద్రం దాకా పోయిందనీ, పోతూ పోతూ దారంతా నూలు విప్పుకుంటూ పోయిందనీ, నేను ఆ నూలు కొస పట్టుకుని ఈదుతూ వెళ్ళి దాన్ని వెనక్కి చుట్టుకొచ్చాననీ మేముండే నవాగామ్ గల్లీలో చెప్పి చాయ్ తాగినవాణ్ణి. ఇనుప బీము నీళ్ళ మీద ఎట్లా తేలిందని ఒక్కరూ అడగలేదు, మా బావ తప్ప. అడిగి, నేను నీళ్ళు నమలడం చూసి, ఆయనే నన్ను గట్టెక్కించాడు.

"బామ్మర్ది చెప్పేటియి అబద్ధాలు కావు. ఆర్డర్ రాని డిజైన్లు."

బావ మరమగ్గం మీద పనిచేసేవాడు. ఆయనకు అబద్ధం ఆడటం చేతకాదు. మంచితనం వల్ల కాదు, అలవాటు లేక. ఎవరైనా ఫోన్ చేసి బయల్దేరావా అంటే, లోకమంతా 'దారిలో ఉన్న' అంటుంది కదా, ఈయన 'ఇంక చెప్పులు తొడగలే' అనేవాడు. ఆ కంప్యూటర్ కూడా అలాంటి మనిషే తెచ్చుకోవాలి. చీరల డిజైన్లు గీసే ఒక ఆఫీసు వాళ్ళు కొత్తవి కొనుక్కుని పాతవి వదిలించుకుంటుంటే మోసుకొచ్చాడు. వెనకాల గూని ఉన్న పెద్ద తెర, ఆన్ చేస్తే ముసలి గుర్రంలా సకిలించే పెట్టె. దాని లోపలి గడియారం చచ్చిపోయి ఉండేది. ఆపి మళ్ళీ వేసిన ప్రతిసారీ అది తాను పుట్టిన సంవత్సరానికి వెళ్ళిపోయి, మధ్యలో జరిగినవేవీ తనకు తెలియనట్టు కూర్చునేది. కార్ఖానాల్లోకి వస్తున్న కొత్త మిషన్ల పుస్తకాలన్నీ ఇంగ్లీషులో ఉంటాయనీ, అవి చదివితే మిషన్లు బాగుచేసే మాస్టర్ కావచ్చనీ ఆయన ఆశ. అందుకోసం ఒక పెళ్ళికి కరీంనగర్ పోయినప్పుడు పుస్తకాల దుకాణంలో ఇంగ్లీషు-తెలుగు డిక్షనరీ సీడీ కొనుక్కొచ్చాడు. దాని మీది పల్చటి ప్లాస్టిక్ కాగితం కూడా విప్పకుండా దేవుడి పటం వెనక పెట్టాడు. "ఫుర్సత్ దొరికితే ఎక్కిద్దాం బామ్మర్దీ" అనేవాడు. పన్నెండు గంటల డ్యూటీ చేసేవాడికి ఫుర్సత్ ఎక్కడిది? తర్వాత లాక్‌డౌన్ వచ్చి ఊరందరికీ ఒకేసారి ఫుర్సత్ దొరికింది. మగ్గాల చప్పుడు ఆగిపోయిన నవాగామ్‌లో మాకు నిద్ర కూడా పట్టలేదు. ఆ ఏడాది బియ్యం పంచేవాళ్ళ లైన్లలోనే గడిచింది. సీడీ పటం వెనకే ఉంది.

మరుసటి ఏడాది ఎండాకాలంలో బావకు జ్వరం వచ్చింది. వాము నీళ్ళ ఆవిరి పట్టాం, పక్కింటి గుజరాతీ ఆవిడ కషాయం కాచి గడప దగ్గర పెట్టి వెళ్ళింది. ఊపిరి మాత్రం అందలేదు. ఆసుపత్రి గేటు దగ్గర ఆయన్ని లోపలికి తీసుకుని, అక్కనూ నన్నూ బయటే ఆపేశారు. అక్క నంబరూ, అవసరానికి నాదీ రాసుకున్నారు. రోజూ సాయంత్రం మెసేజ్ వస్తుందన్నారు. వచ్చేది కూడా. ఇంగ్లీషులో, అక్క దగ్గరున్న బటన్ల ఫోనుకు.

మా ఇద్దరిలో ఇంగ్లీషు వచ్చినవాణ్ణి నేనే. పార్సెళ్ళ మీద ఊళ్ళ పేర్లు రాసేంత ఇంగ్లీషు, దానికి పైన కొద్దిగా. నేను కింది గదిలో, అక్కావాళ్ళు పై గదిలో ఉండేవాళ్ళం. ఫోను టింగుమనగానే అక్క మెట్ల మీది నుంచే కేకేసేది. మొదట్లో వచ్చినవి మంచి మెసేజ్‌లే. ఊపిరి కొంచెం మెరుగైందని, నోటితో తింటున్నాడని. ఉన్నది ఉన్నట్టు చదివి చెప్పాను. అక్క వినకుండా నా ముఖమే చూస్తూ నిలబడింది.

"నిజం చెప్పురా."

"నిజమే అక్కా."

"నిజమైతే నీ మొకమెందుకు గట్లున్నది?"

అలవాటు లేని చెప్పులు కరిచినట్టు నిజం నా ముఖాన్ని కరుస్తోంది. ఇనుప బీము తేలిందంటే నమ్మిన గల్లీలో, మా బావ రెండు ముద్దలు తిన్నాడంటే నమ్మేవాళ్ళు లేకపోయారు.

"గంత మంచిగుంటే ఇంటికి తోలరా? నన్ను సముదాయించనీకి చెప్తున్నవ్."

నా ఫోనులో చూపిస్తానన్నాను. అది తెలుగులోకి మార్చి చూపిస్తుందన్నాను. అక్క దాన్ని ముట్టుకోలేదు.

"నీ ఫోను నీ లెక్కనే మాట్లాడతది. ఆయన తెచ్చిన సీడీ ఉన్నది. ఆయన కంప్యూటర్ల ఎక్కియ్యి. అది అబద్ధం చెప్పది. నేనే చూసుకుంట."

మర్నాడు పొద్దున్నే పటం వెనక నుంచి సీడీ తీశాం. కంప్యూటర్ మీద కప్పిన చీర ముక్క తీస్తే దుమ్ము లేచి ఇద్దరికీ తుమ్ములు. ఆ రోజుల్లో తుమ్మితే మనిషి మనిషిని అనుమానంగా చూసేవాడు, మేమూ చూసుకున్నాం. సీడీ పెట్టే అర తెరుచుకోలేదు. నేను పెట్టెను పక్కనుంచి ఒకటి పీకాను. అక్క నన్ను జరగమని, ఎప్పుడో సిరిసిల్లలో మా నాన్న మగ్గానికి పోగులు లాగిన సన్నటి కొక్కెం తెచ్చి, అర కింద ఉన్న సూదిబెజ్జంలోకి పోనిచ్చింది. అర తనంతట తాను బయటికొచ్చింది. డిక్షనరీ ఎక్కింది కానీ తెలుగు రావాల్సిన చోట అడ్డదిడ్డంగా గీతలు, గడులు వచ్చాయి. సీడీలో అక్షరాలు విడిగా ఉన్నాయనీ, వాటిని ఇంకో చోట పెట్టాలనీ నాకు తెలిసేసరికి మధ్యాహ్నమైంది. చివరికి 'అమ్మ' అన్న మాట తెలుగులో కనబడితే అక్క దాన్ని వేలితో తాకి చూసింది.

అసలు చిక్కు అప్పుడు మొదలైంది. అక్కకు ఇంగ్లీషు రాదు. అక్షరాల ఆకారాలు చూసి మీటల మీద పోల్చుకుందామనుకుంది. ఫోనులో వచ్చేవి చిన్న అక్షరాలు, మీటల మీద ఉన్నవి పెద్ద అక్షరాలు. పోలికే కుదరదు. అక్క ఇంట్లో కూర్చుని చీరలకు రాళ్ళు అంటించే పని చేసేది. ఆ గోందు తెచ్చింది, జరీ పోగులు తెచ్చింది. నేను కాగితం మీద చిన్న అక్షరాలు గీసి, ఏది ఎక్కడో చెబుతుంటే, జరీ పోగును ఆ ఆకారంలో వంచి ఒక్కొక్క మీట మీద అంటించింది. సాయంత్రానికి బావ కీబోర్డు పెళ్ళికూతురిలా తయారైంది. అక్క చాలా రోజుల తర్వాత నవ్వింది.

"ఆయనొచ్చి చూస్తే ఏమంటడో."

"నా కంప్యూటర్‌కు లగ్గం చేసిన్రా అంటడు," అన్నాను.

ఫోను చేతికి తీసుకుని అక్క మొట్టమొదటి మెసేజ్ తెరిచింది.

"అది పాతది అక్కా. ఇయ్యాల్టిది చూడు."

"నడుమకెల్లి నేస్తరారా ఎవలన్న? మొదటికెల్లే వస్త."

నేతవాళ్ళు తప్ప ఇంకెవరూ అలా చేయరు. ఎవరైనా ముందు ఇవాళ్టి సంగతి చూసుకుంటారు. కానీ మా వాళ్ళకు గుడ్డ అంటే మొదటి పోగు నుంచి వరసగా వచ్చేదే. పైపోగు కావాలంటే కిందిది పడి ఉండాలి. అక్క అలాగే కూర్చుంది. ఒక మాటకు ఎంతసేపు పట్టినా పట్టనీ, తప్పు నొక్కితే చెరిపి మళ్ళీ మొదటి అక్షరం నుంచి. ఒక మెసేజ్ పూర్తయ్యేసరికి ఆసుపత్రి నుంచి ఇంకొకటో రెండో వచ్చి పడేవి. కొత్తవి టింగుమన్నప్పుడల్లా ఫోను నా చేతికిచ్చేది, నేను చదివి లోపల పెట్టుకునేవాణ్ణి. చెప్పబోతే చెయ్యెత్తి ఆపేది. "నేను ఆడికొస్త కదా" అనేది. అలా అక్క, బావ కంటే కొన్ని రోజులు వెనక నడవడం మొదలుపెట్టింది.

మెసేజ్‌లు మారాయి. ఊపిరి తగ్గింది. ఒక సాయంత్రం బావను ఊపిరి మిషన్ మీద పెట్టామని వచ్చింది. చదివి, ఫోను అక్కకిచ్చి కిందికి దిగుతూ నేను మెట్ల మీద ఆగిపోయాను. సరిగ్గా అప్పుడే పైనుంచి అక్క కేక.

"తమ్మీ! తిన్నడురా! నిజంగనే తిన్నడు! నువ్వు నిజమే చెప్పినవ్!"

వెళ్ళేసరికి అక్క స్టవ్ వెలిగిస్తోంది. నాకోసం చాయ్. తెర మీద 'తినుట' అని తెలుగులో ఉంది. నా జీవితంలో నా మాట నిజమని ఎవరైనా నిరూపించింది ఆ ఒక్కసారే.

"అక్కా, ఇయ్యాల్టి మెసేజ్ జర..."

అక్క గ్లాసు కింద పెట్టింది. నా వైపు తిరగలేదు. గొంతు మాత్రం ఎప్పుడూ వినని గొంతు.

"ఆయన ఇప్పుడే తింటున్నడు తమ్మీ. తిననియ్యి జర."

అంటే అక్కకు తెలుసు. నా అడుగులు మెట్ల మీద ఎక్కడ ఆగాయో విన్న మనిషికి ఏం వచ్చిందో తెలియదా? నేను పక్కన కూర్చుని ఆమె వెతికే అక్షరాలు వెతికిపెట్టాను.

ఫోన్ ఒక పొద్దున నాకు వచ్చింది. ఆసుపత్రి నుంచి ఎవరో అమ్మాయి హిందీలో చెప్పింది, చెప్పినదే మళ్ళీ చెప్పింది. పైకి వెళ్ళాను. అక్క స్నానం చేసి, తడి జుట్టుతోనే కంప్యూటర్ ముందు కూర్చుని ఉంది. నేను నోరు తెరిచి, నాకు తెలిసిన అన్ని రకాల మాటల్లోంచి ఒక్కటీ దొరకక, "అక్కా, బావ పోయిండు" అన్నాను. అంతే అన్నాను. అక్క వేలు మీట మీద ఆగింది. నొక్కవలసిన అక్షరాలు ఇంకా రెండో మూడో ఉన్నాయి. అవి నొక్కింది. మాట తెలుగులోకి వచ్చేదాకా చూసింది. 'నడిచెను' అని వచ్చింది. మనిషి సాయంతో బాత్రూమ్ దాకా నడిచాడని ఆ రోజు మెసేజ్. చదివి, లేచి, గోడకు చేరబడి కూర్చుంది. అప్పుడు ఏడ్చింది.

శ్మశానంలో నన్నొక్కణ్ణే దూరంగా నిలబెట్టారు. ఆ ప్లాస్టిక్ మూటలో ఉన్నది మా బావేనని ఎవరో చీటీ చూసి చెబితే తలూపాను. కర్మకాండలు ఆ గదిలోనే, నలుగురం కూడా లేకుండా అయిపోయాయి. గాజులు తీయించడానికి వచ్చే ఆడవాళ్ళు కూడా రాలేదు. అక్క అవి తీయలేదు, నేను గుర్తు చేయలేదు.

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం పైన కంప్యూటర్ సకిలించింది. వెళ్ళి చూస్తే అక్క తను ఆపిన చోటి నుంచే మళ్ళీ మొదలుపెట్టింది. బాత్రూమ్ దాకా నడిచిన రోజు తర్వాతి రోజు. నేనూ పక్కన కూర్చున్నాను. కింద గల్లీలో బావ పోయి చాలా రోజులైంది, పై గదిలో ఆయనకు ఇంకా స్పృహ ఉంది, మాట్లాడితే జవాబు చెబుతున్నాడు. ఊపిరి తగ్గిన రోజుకు వచ్చాం. మిషన్ పెట్టిన రోజుకు వచ్చాం. ఒక్కొక్క మాట దగ్గర అక్క ఆగి నా వైపు చూసేది, ఇదే కదా ఆ పొద్దు నువ్వు చెప్పబోయింది అన్నట్టు. నేను తలూపేవాణ్ణి. ఆమె కళ్ళు తుడుచుకుని తర్వాతి మాటకు పోయేది.

చివరిది ఒక్కటి మిగిలింది, ఆయన పోయే ముందు సాయంత్రం వచ్చింది, నేనూ తెరిచే ధైర్యం చేయనిది. తెరవని కవరు బొమ్మ ఫోనులో వెలుగుతోంది. అక్క దాన్ని చాలాసేపు చూసి, ఫోను పక్కన పెట్టి, కంప్యూటర్ ఆపి, చీర ముక్క కప్పేసింది. మగ్గం మీద పడుగు అయిపోవచ్చినప్పుడు మా వాళ్ళు కొస దాకా నేయరు. కొంత మిగిల్చి ఆపుతారు, కొత్త పోగులను ముడివేయడానికి పాత పోగులు చేతికి దొరకాలి. అక్క అందుకే ఆపిందో, ఇంక చేతకాక ఆపిందో నేను అడగలేదు. ఇన్నేళ్ళయినా ఆ ఫోనుకు ఛార్జింగ్ పెడుతూనే ఉంది, ఆ కవరు తెరవలేదు. మాకందరికీ బావ పోయి ఏళ్ళు గడిచాయి, మా అక్కకు ఆయన పోవడానికి ఇంకా ఒక సాయంత్రం ఉంది. కాలం అందరికీ ఒకే వేగంతో పోతుందని లోకం అంటుంది. నేను జీవితమంతా ఎన్నో చెప్పాను గానీ, అంత పెద్ద అబద్ధం మాత్రం ఎన్నడూ చెప్పలేదు.